రొయ్యల గదిలో శీతాకాలం

రెండువేల సంవత్సరం ఆగస్టులో, సింగపూర్ తంజోంగ్ పగార్‌లోని ఒక ఆఫీసులో, కౌశల్ అనే సేల్స్ మేనేజరు కెనడాకు ఫోన్ చేసి ఒక అబద్ధం ఆడాడు. అవతల ఉన్నది డెల్బర్ట్, విన్నిపెగ్ నగరంలో టాక్సీలు నడిపే ఆసామి. "మీ పెట్టెను ఎంత చలిలో పరీక్షించారు?" అని ఆయన అడిగాడు. "మైనస్ ముప్పై" అన్నాడు కౌశల్. ఆ సమయంలో కిటికీ బయట ముప్పై డిగ్రీలు ఉంది. అంకె వరకు అతను చెప్పింది నిజమే.

"అయితే ఆ పరీక్ష నాకూ చూపించండి. చూశాకే సంతకం" అన్నాడు డెల్బర్ట్.

కౌశల్ ఫోన్ పెట్టేసి నేరుగా సత్యవాణి సీటు దగ్గరికి వచ్చాడు. ఆ ప్రాజెక్టుకు లీడ్ ఆమే.

"సింగపూర్లో మైనస్ ముప్పై ఎక్కడుంటుంది కౌశల్?" అని అడిగింది సత్యవాణి.

"అది టెక్నికల్ విషయం. నాది సేల్స్" అన్నాడు కౌశల్.

సత్యవాణిది తెనాలి. ముప్పై ఏళ్లుంటాయి. భర్త కృష్ణప్రసాద్ ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్ చూస్తాడు. ఇద్దరూ బెడోక్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉంటారు. ఆమెకు కారు నడపడం రాదు. మంచును ఫ్రీజర్ గోడల మీద తప్ప ఎక్కడా చూడలేదు. అయినా ఆమె బృందం చలి దేశాల కార్ల కోసం ఒక పెట్టె తయారు చేసింది. ఆ రోజుల్లో అలాంటివి ఎవరికీ వింతగా తోచేవి కావు. పక్క కంపెనీ వాళ్లు ఎడారి ఒంటెల కోసం ఒక వెబ్‌సైటు కడుతున్నారు.

పెట్టె చేసే పని తేలిగ్గానే అర్థమవుతుంది. చలి దేశంలో రాత్రంతా ఆరుబయట నిలబెట్టిన కారు తెల్లారేసరికి బిగుసుకుపోతుంది. ఇంజన్ ఆయిల్ పాకంలా చిక్కబడుతుంది. బ్యాటరీ సత్తువ సగానికి పడిపోతుంది. సత్యవాణి పెట్టె బానెట్ కింద కూర్చుని చలిని కనిపెడుతూ, అవసరమైనప్పుడు తనే ఇంజన్ స్టార్ట్ చేసి, కాసేపు నడిపి, ఆపేస్తుంది. ఆఫీసు ఏసీలో చక్కగా పనిచేసింది.

పరీక్షకు ముందుగా కావాల్సింది ఒక చల్లటి గది. అది ఆమెకు బెడోక్‌లో ఎవరి పిల్లాడిదో పుట్టినరోజు విందులో దొరికింది. జగన్మోహనరావుగారు పులిహోర తింటున్నారు. ఆయనది భీమవరం. సింగపూర్ వచ్చి స్థిరపడి చాలాకాలమైంది, తెలుగులో సగం తమిళం, సగం మలయ్ కలుస్తాయి. జురాంగ్‌లో గిడ్డంగి ఉంది. ఫ్రీజ్ చేసిన రొయ్యల వ్యాపారం.

"అంకుల్, మీ కోల్డ్ స్టోరేజ్‌లో చలి ఎంత?" అంది సత్యవాణి.

"మైనస్ ఇరవై ఎనిమిదమ్మా. దేనికి?"

"ఒక కారు పెట్టుకోవాలి."

జగన్మోహనరావుగారు ప్లేటు పక్కన పెట్టారు. "అలామా! కారునా? రొయ్యలకే చోటు లేదు." కాసేపు ఆలోచించి, "వచ్చే వారం నుంచి ఒక గది ఖాళీ లా. సరుకు ఇంకా ఓడలో ఉంది. పెట్టుకో, బోలే, పర్లేదు. పొగ మాత్రం లోపల ఉండకూడదు. పొగ వాసన పట్టిన రొయ్యని ఎవడూ కొనడు" అన్నారు.

మర్నాడు సత్యవాణి డెల్బర్ట్‌కు తనే ఫోన్ చేసింది. "మా దగ్గర ల్యాబ్ లేదండీ. రొయ్యల గది ఉంది. మైనస్ ఇరవై ఎనిమిది" అని ఉన్నదున్నట్టు చెప్పింది. వెనక కౌశల్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"రొయ్యలు ఆ గదిలోనే ఉంటాయా?" అని అడిగాడు డెల్బర్ట్.

"ఉండవు. ఖాళీ గది."

"అయితే సరే." ఆ తర్వాత ఆయన చలికి కారును ఎలా తయారు చేయాలో ఓపిగ్గా చెప్పాడు. తయారు చేయని కారుతో పరీక్ష పెడితే, చెడింది కారో పెట్టో తేలదన్నాడు. ఆమె అంతా రాసుకుంది.

ఇక మిగిలింది కారు. సింగపూర్లో ఎవరినైనా కిడ్నీ అడగొచ్చు గానీ కారు అడగకూడదు. అక్కడ కారు కొనాలంటే ముందు కారు ఉంచుకునే హక్కు కొనాలి. ఆ హక్కు పదేళ్లే చెల్లుతుంది. సత్యవాణి అడిగిన మొదటి మనిషి నవ్వాడు. రెండో మనిషి ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. చివరికి దారి చూపించింది ఆమె బృందంలోనే పనిచేసే శశికాంత్. కరీంనగర్ నుంచి వచ్చి ఏడాదైన ఇంజనీరు, చోవా చూ కాంగ్‌లో ఉంటాడు.

"మా బ్లాక్‌ల ఒక అంకుల్ ఉన్నడు అక్కా, భద్రయ్య అని. ఆయన కారుకు పదేండ్లు నిండుతున్నయ్. ఈ నెలాఖరుకు ఇచ్చెయ్యాలె. అడిగి సూద్దామా?"

ఆదివారం ఉదయం వాళ్లు వెళ్లేసరికి భద్రయ్య కింద కార్‌పార్కులో కారు తుడుస్తున్నాడు. తెల్లటి పాత జపాన్ కారు. అద్దంలా ఉంది. భద్రయ్యది గాజువాక. షిప్‌యార్డులో సూపర్‌వైజరుగా చేసి ఈమధ్యే రిటైరయ్యాడు. ఆయన భార్య తారాదేవి టీ తెచ్చి, అందరికీ ఇచ్చి, కారుకు ఆనుకోబోయి, భర్త చూపు గమనించి నిటారుగా నిలబడింది.

సత్యవాణి విషయమంతా చెప్పింది.

"ఏటమ్మా, నా కారుని రొయ్యల్తో పెడతారా?"

"రొయ్యలుండవు అంకుల్. చల్లటి గది, అంతే. రాత్రి ఉంచి, పొద్దున స్టార్టవుతుందో లేదో చూస్తాం."

"అవ్వకపోతే?"

సత్యవాణి దాచలేదు. "ఇంజన్‌లో ఎక్కడైనా నీళ్లు మిగిలితే గడ్డకట్టి లోపల పగిలే ప్రమాదం ఉంది అంకుల్. జాగ్రత్తలన్నీ తీసుకుంటాం. కానీ పగలదని మాటివ్వలేను."

భద్రయ్య గుడ్డ మడిచి బానెట్ మీద పెట్టాడు. మళ్లీ తీసి విప్పాడు. "నెలాఖరుకి యార్డులో ఇచ్చీయాలి. నలగ్గొట్టీస్తారో, ఏ దేశం తోలీస్తారో తెలీదు. ఇంకో అయిదేళ్లు పొడిగించుకోవొచ్చు గానీ, ఉజ్జోగం లేనోడికి అది మాటలు కాదు."

"నెల్నించి అన్నం తినడం మానీసేరమ్మా" అంది తారాదేవి. "మా అమ్మ పోయినప్పుడు శుబ్బరంగా తిన్నారు."

"ఆవిడికి వయసైపోనాది, పోనాది" అన్నాడు భద్రయ్య. "దీనికేటి రోగం?"

కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి అన్నాడు: "తీసుకెళ్లండి. కానీ తయారుచేసేది నేనే. నేను లేకుండా ఎవులూ చెయ్యి ఎయ్యకూడదు."

ఆ వారమంతా తయారీ సాగింది. భద్రయ్య పదేళ్లుగా రేడియేటర్లో కుళాయి నీళ్లు పోస్తూ వచ్చాడు. ఆ ఊళ్లో దానివల్ల ఏ నష్టమూ రాలేదు. ఇప్పుడు ఆ నీళ్లన్నీ వంపి, కడిగి, సగం నీళ్లు సగం కూలెంట్ కలిపి పోయాలి. అలా కలిపితే అంత చలిలోనూ గడ్డకట్టదు. కూలెంట్ డబ్బాలు కొంటుంటే దుకాణం అతను, "ఎందుకు అంకుల్, ఇక్కడ స్నో పడుతుందా?" అని నవ్వాడు. "వచ్చే శుక్రవారం పడతాది" అన్నాడు భద్రయ్య, ముఖంలో ఏ మార్పూ లేకుండా.

చిక్కటి ఆయిల్ తీసేసి, చలిలోనూ పారే పల్చటి ఆయిల్ పోశారు. భద్రయ్య దాన్ని రెండు వేళ్ల మధ్య రుద్ది చూసి, "ఇది ఆయిలా, మజ్జిగ తేటా?" అన్నాడు. పెద్ద బ్యాటరీ పెట్టారు. ట్యాంకులో ఖాళీ ఉంటే గాలిలోని తేమ పెట్రోల్లోకి దిగి గడ్డకడుతుందని నిండుగా పోయించారు. తలుపులు అతుక్కుపోకుండా రబ్బరు అంచులకు సిలికాన్ రాశారు. ఇంజన్‌ను వెచ్చగా ఉంచే చిన్న హీటరు ఒకటి డెల్బర్ట్ కొరియర్లో పంపాడు. దాన్ని ఇంజన్‌కు బిగించి, వైరు బయటికి లాగి, గోడకున్న ప్లగ్గులో పెట్టాలి. శశికాంత్ పెట్టబోతుంటే భద్రయ్య చెయ్యి పట్టుకుని ఆపాడు. అది కెనడా కరెంటుకు చేసిన హీటరు. సింగపూర్ కరెంటు దానికి రెండింతలు. ట్రాన్స్‌ఫార్మర్ వెతికి తేవడానికి ఇంకో పూట పట్టింది.

"చలి నించి కాపాడ్డానికి కాల్చీబోయేవు బాబూ" అన్నాడు భద్రయ్య.

గురువారం సాయంత్రం కారును గదిలోకి నడిపారు. పొగ గొట్టానికి రబ్బరు పైపు తగిలించి తలుపు సందులోంచి బయటికి వదిలారు. పెట్టె ఆన్ చేశారు. గిడ్డంగి వాళ్లిచ్చిన చలికోట్లు విప్పేసి అందరూ ఇళ్లకు వెళ్లారు. వెళ్లేముందు భద్రయ్య ఒకసారి వెనక్కి వచ్చి గది తలుపు మీద చెయ్యి ఆనించి చూశాడు. లోపలి చలి బయటికి తెలియలేదు.

శుక్రవారం ఉదయం తలుపు తీసేసరికి లోపల రేడియేటర్ ముందున్న ఫ్యాన్ మెల్లగా, ఈడ్చుకుంటూ తిరుగుతోంది. వాళ్లు చూస్తుండగానే ఆగిపోయింది. భద్రయ్య తాళంచెవి తిప్పాడు. చిన్న టిక్కుమన్న చప్పుడు. మళ్లీ తిప్పాడు. ఆ చప్పుడు కూడా లేదు.

వాళ్ల ఊపిరి తెల్లగా బయటికి వస్తోంది. భద్రయ్య దిగి, వంగి, కారు కింద నేలను పరీక్షగా చూశాడు. ఏమైనా కారి గడ్డకట్టిందేమో అని. లేచి, గ్లవ్స్ తీసి, బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు.

"అంకుల్, చర్మం అంటుకుంటుంది, తియ్యండి" అంది సత్యవాణి.

"తెలుసమ్మా" అన్నాడు గానీ తియ్యలేదు. కాసేపటికి తీసుకున్నాడు.

శశికాంత్ పెట్టెను లాప్‌టాప్‌కు తగిలించి, గది బయట మెట్ల మీద కూర్చుని చూశాడు. చూసి, ఇంకోసారి చూసి, సత్యవాణిని పిలిచాడు. "అక్కా, గది మైనస్ ఇరవై ఎనిమిది. పెట్టె రాత్రంతా ఏం అనుకున్నదో తెల్సా? రెండు వందల ఇరవై ఎనిమిది."

ఆమెకు వెంటనే అర్థమైంది. ఉష్ణోగ్రత రాసుకునే చోట శశికాంత్ సున్నా నుంచి రెండు వందల యాభై అయిదు దాకా పట్టే అంకె పెట్టాడు. సున్నా కిందికి దిగితే అది చక్రంలా తిరిగి పైనుంచి లెక్క మొదలుపెడుతుంది. అంటే పెట్టె కారు మంటల్లో ఉందని నమ్మింది. ఇంజన్ స్టార్ట్ చేయకపోవడమే కాక, కారును కాపాడాలని రాత్రంతా ఫ్యాన్ తిప్పి బ్యాటరీ మొత్తం ఖాళీ చేసింది. తనకు తెలిసినంతలో బాధ్యతగానే నడుచుకుంది.

"మైనస్ ఉంటదని మనసుల పడలే అక్కా" అన్నాడు శశికాంత్. "కరీంనగర్‌ల లేదు, ఈడ లేదు."

"నేనూ చూడలేదుగా. ఆ కోడ్‌కి ఓకే చెప్పింది నేనే" అంది సత్యవాణి.

ఆమె భద్రయ్య దగ్గరికి వెళ్లి తప్పు తమదేనని, కారుది కాదని చెప్పింది. ఇంజన్‌కు ఏమీ కాకపోయి ఉండొచ్చనీ, అయినా ఇంకోసారి పెట్టమని అడగడం న్యాయం కాదనీ, కౌశల్‌కు తను నచ్చజెప్పుకుంటాననీ చెప్పింది.

భద్రయ్య ఆమె చెప్పిందంతా విన్నాడు. "ఏటమ్మా ఇది! పదేళ్లు ఒక్క రోజు కూడా మొరాయించలేదు. ఇప్పుడు స్టార్టవ్వలేదని పేరు పెట్టి పంపమంటావా? మళ్లీ పెట్టండి. బ్యాటరీ చార్జింగు నేను చేయిస్తాను. మీరు బేగి ఆ అంకెలు దిద్దుకోండి."

శని, ఆదివారాలు ఆఫీసులో కూర్చుని అంకెలు దిద్దారు. సత్యవాణి ఈసారి పెట్టెను ఇంటికి తీసుకెళ్లి, ఫ్రీజర్లో గోంగూర డబ్బా పక్కన పెట్టి, వైరు బయటికి లాగి, అది మైనస్ పద్దెనిమిది అని సరిగ్గా చూపించేదాకా అక్కడే నిలబడింది. కృష్ణప్రసాద్ ఐస్‌క్రీమ్ కోసం వచ్చి, చూసి, ఏమీ అడగకుండా వెళ్లిపోయాడు.

సోమవారం సాయంత్రం మళ్లీ కారు గదిలోకి వెళ్లింది. డెల్బర్ట్ వినేలా, రాత్రంతా ఆగి పొద్దునే మొదటిసారి స్టార్ట్ చేసేట్టు పెట్టెను అమర్చారు. మంగళవారం ఉదయం డెల్బర్ట్ ఫోన్లో సిద్ధంగా ఉన్నాడు. విన్నిపెగ్‌లో అప్పుడు ముందురోజు రాత్రి. శశికాంత్ వీడియో కెమెరా తెచ్చాడు. గదిలోకి అడుగుపెట్టిన కాసేపటికే చలికి దాని బ్యాటరీ చచ్చిపోయింది. ఇక చేసేది లేక జగన్మోహనరావుగారి ఆఫీసు ఫోన్‌కు పొడవాటి వైరు తగిలించి గదిలోకి లాగారు. సత్యవాణి రిసీవర్‌ను బానెట్ వైపు చాచి పట్టుకుంది.

భద్రయ్య కోటు వేసుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు.

"అంకుల్, పెట్టె తనే స్టార్ట్ చేస్తుంది. లోపల మనిషి ఉండక్కర్లేదు" అంది సత్యవాణి.

"పక్కన మనిషి లేకుండా స్టార్టవ్వడం దానికి అలవాటు లేదమ్మా."

పెట్టె టిక్కుమంది. స్టార్టరు తిరగడం మొదలైంది. బరువుగా, నిద్రలోంచి లేపితే తిట్టుకుంటూ లేచే మనిషిలా తిరిగింది. ఆగింది. పెట్టె ఒక క్షణం వేచి, మళ్లీ తిప్పింది. సత్యవాణి కళ్లు మూసుకుంది. ఇంజన్ ఒకసారి దగ్గింది. రెండోసారి దగ్గింది. అంతలో ఒక్క ఊపున అందుకుని, కారంతా వణికిపోతూ, నడవసాగింది. వెనకనుంచి పైపు ఉబ్బి బుసకొట్టింది.

తలుపు దగ్గర నిలబడ్డ జగన్మోహనరావుగారు, "వచ్చేసిందిరోయ్!" అని అరిచి, వెంటనే పైపు అతుకు దగ్గర పొగ లీకవుతుందేమో అని వంగి వాసన చూశారు.

లోపల భద్రయ్య కిటికీ దించడానికి ప్రయత్నించాడు, అది కదల్లేదు. తలుపు కొంచెం తెరిచి, "వింటున్నారా ఆయన? వినిపించిందా?" అని అడిగాడు. మంకీ క్యాప్‌లోంచి ముక్కు, కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. కళ్లు తడిగా ఉన్నాయి. అలవాటు కొద్దీ ఆయన చెయ్యి వెళ్లి ఏసీ ఆన్ చేసింది.

"అంకుల్, ఏసీ!"

"ఆ, ఆ" అని ఆపేశాడు.

డెల్బర్ట్ అవతలనుంచి, "బాగుంది. కానీ స్టార్టవడం వేరు, నడవడం వేరు. కదిలించండి" అన్నాడు. భద్రయ్య పైపు విప్పించి, గేరు వేశాడు. గేరు రాడ్ గట్టిపడ్డ హల్వాలో గరిటెలా కదిలింది. రాత్రంతా ఒకే చోట ఆని ఉన్న టైర్లు కింద బల్లపరుపుగా బిగిసిపోవడంతో, కారు దబ్ దబ్ మని ఎగురుతూ బయల్దేరింది. "ఆ చప్పుడు నాకు తెలుసు" అన్నాడు డెల్బర్ట్, ఆ వేళ మొదటిసారి నవ్వుతూ. "జనవరిలో మా వీధంతా అదే. కాయితాలు పంపండి."

కారు రొయ్యల గదిలోంచి జురాంగ్ ఎండలోకి వచ్చింది. రాగానే గాలిలోని తేమంతా దాని మీద వాలి, చూస్తుండగానే బానెట్, పైకప్పు, అద్దాలు, అన్నీ తెల్లటి నూగుతో కప్పుకుపోయాయి. పక్క గిడ్డంగుల వాళ్లు పని మానేసి వచ్చి చుట్టూ చేరారు. ఒకామె దాని మీద వేలితో గీత గీసి, వేలు నోట్లో పెట్టుకుంది. భద్రయ్య ఎవరినీ ఏమీ అనలేదు. పదేళ్లలో ఆ కారును ఇతరులు ముట్టుకుంటుంటే ఆయన ఊరుకోవడం అదే మొదలు. కాసేపటికి నూగు కరిగి, నీళ్లు కారి, మళ్లీ మామూలు కారైంది.

డెల్బర్ట్ సంతకం పెట్టాడు. కౌశల్‌కు ప్రమోషన్ వచ్చింది. మరుసటి ఏడాది ఆ కంపెనీ, పక్కనున్న ఒంటెల కంపెనీ, ఒకే నెలలో మూతపడ్డాయి. కానీ అప్పటికే విన్నిపెగ్ టాక్సీల్లో ఆ పెట్టెలు ఒక చలికాలం గడిపాయి. ఒక్కటి కూడా మంట అనుకోలేదని డెల్బర్ట్ సత్యవాణికి ప్రత్యేకంగా ఫోన్ చేసి చెప్పాడు.

అదంతా తర్వాతి మాట. కారు అప్పజెప్పాల్సిన రోజున భద్రయ్య సత్యవాణిని తోడు రమ్మన్నాడు. తారాదేవి రానంది. పాత కార్లను ఇతర దేశాలకు పంపే యార్డులో వరసలుగా కార్లు నిలబెట్టి ఉన్నాయి. వాటి మధ్య ఎత్తుగా, ఎర్రటి బుగ్గలతో ఒక మనిషి తిరుగుతున్నాడు. మంగోలియా నుంచి వచ్చి పాత కార్లు కొనుక్కుపోయే వ్యాపారి. ఆయన ఒక్కో కారు బానెట్ ఎత్తడం, చూడడం, మూసేయడం. భద్రయ్య కారు దగ్గర మాత్రం బానెట్ ఎత్తి అలాగే ఉండిపోయాడు. హీటరు వైరు చేత్తో పట్టుకుని ఆ చివరనుంచి ఈ చివరదాకా చూశాడు. రేడియేటర్ మూత తీసి లోపలికి చూశాడు. ఆ తర్వాత చుట్టూ చూశాడు. ఎండ మాడ్చేస్తోంది.

"ఎక్కడిదిది?" అని యార్డు మనిషిని ఇంగ్లీషులో అడిగాడు.

"చోవా చూ కాంగ్" అన్నాడు భద్రయ్య ముందుకొచ్చి.

సత్యవాణి ఇంగ్లీషులోకి మారుస్తుంటే, భద్రయ్య ఆ వ్యాపారికి చలిలో కారును ఎలా చూసుకోవాలో చెప్పడం మొదలుపెట్టాడు. ఆయిల్ సంగతి, ట్యాంకు నిండుగా ఉంచాల్సిన సంగతి, మూసిన గదిలో ఇంజన్ నడిపితే పొగ ప్రాణం తీస్తుందన్న సంగతి, మంచులో చిక్కుకుంటే కారు వదిలి నడిచిపోకూడదని, ముందు పొగ గొట్టం చుట్టూ మంచు తవ్వాలని. ఇవన్నీ డెల్బర్ట్ దగ్గర సత్యవాణి విన్నవి, ఆమె దగ్గర భద్రయ్య విన్నవి. మంగోలియా మనిషి చేతులు కట్టుకుని మొత్తం విన్నాడు. ఒక్కసారి కూడా తనకు తెలుసనలేదు.

"ఇది అక్కడేం పని చేస్తాది? టాక్సీయా?" అని చివర్లో అడిగాడు భద్రయ్య. సత్యవాణి ఇంగ్లీషులో చెప్పింది.

కాదన్నాడు వ్యాపారి. అమ్మడానికి కాదు, ఇంటికే తీసుకెళ్తాడు. భార్య టీచరు, బడి ఊరికి దూరం.

భద్రయ్య తలూపాడు. తాళాలు ఆయన చేతిలో పెట్టి, కారు వైపు తిరిగి చూడకుండా గేటు దాకా నడిచాడు. గేటు దగ్గర మాత్రం ఆగి చూశాడు. మంగోలియా మనిషి జేబురుమాలు తీసి అద్దం తుడుస్తున్నాడు.

స్టేషన్ దగ్గర తారాదేవి ఫోన్ చేసింది.

"ఇచ్చీసేను" అన్నాడు భద్రయ్య. "ఆ... టీచరమ్మకి. లేదు, ఏడవలేదు. ట్రైన్లో వచ్చీస్తన్నాను. ఏటి కూర?"